రెండు ఆస్కార్లు, ఒక షార్క్, ఒక సక్కర్ ఫిష్: ఎంత ట్యాంకు చేయించాలి?

మూడోఅంతస్తు (హైదరాబాద్)

అందరికీ నమస్తే. మా బావగారికి పుణె బదిలీ అయింది. ఆయన చేపలు నెలాఖరుకి మా ఇంటికి వస్తున్నాయి. రెండు ఆస్కార్లు, ఒక్కోటి జానెడు. వెండి రంగు షార్క్ ఒకటి, అడుగు దాటింది. ఒక సక్కర్ ఫిష్, అదీ జానెడే. ఆయన ట్యాంకు గోడలోకి బిగించి కట్టింది, తీసుకురావడం కుదరదు. కొత్తది చేయించాలి.

దుకాణంలో అడిగితే 3 అడుగులది చాలు అన్నారు. ఇంకొంచెం గుచ్చి అడిగితే 4×1.5×1.5 అడుగులది (పొడవు, వెడల్పు, ఎత్తు) తీసుకోండి, ఇక జన్మలో మార్చక్కర్లేదు అన్నారు. హాల్లో ఒక గోడకి అయిదున్నర అడుగుల పొడవు ఖాళీ ఉంది. మాది మూడో అంతస్తు ఫ్లాట్. రెండేళ్లకోసారి ట్యాంకు మార్చే ఓపిక నాకు లేదు, ఒకేసారి సరైనది చేయించాలని ఉంది. పిల్లలు ఆ చేపలకి పేర్లు పెట్టేశారు కాబట్టి ఏదో ఒకటి ఇచ్చేయమంటే ఇంట్లో గొడవే. ఎంత సైజు చెప్పమంటారు?

నీటిగూడు (విజయవాడ)

ఆర్డర్ ఇవ్వకముందే అడిగారు, చాలా సంతోషం. చేప ఇవాళ ఎంతుందో చూసి ట్యాంకు చేయించకూడదు. పూర్తిగా పెరిగాక ఎంతుంటుందో చూసి చేయించాలి. ఆస్కార్ ఇళ్లలోనే 12 అంగుళాలకి చేరుతుంది, కొన్ని 14 దాకా వెళ్తాయి. బాగా చూసుకుంటే పదేళ్ల పైన బతుకుతుంది. మామూలు సక్కర్ ఫిష్ ఒకటిన్నర అడుగులు పెరుగుతుంది. దుకాణంలో వేలెడంత ఉన్నప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు. షార్క్ సంగతి విడిగా మాట్లాడాలి, దాని ఫొటో పెట్టండి.

అందరూ ట్యాంకు పొడవు అడుగుతారు, నేను వెడల్పు అడుగుతాను. అంటే ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా ఉండే దూరం. అడుగు దాటిన చేప అడుగున్నర వెడల్పులో వెనక్కి తిరగాలంటే ప్రతిసారీ ఒళ్లు మడుచుకోవాలి, ముక్కో తోకో అద్దానికి రాసుకుంటుంది. రోజంతా అదే పని, ఏళ్ల తరబడి. నేను పాటించే లెక్క ఇది: వెడల్పు చేప పూర్తి పొడవుకి కనీసం ఒకటిన్నర రెట్లు, ట్యాంకు పొడవు నాలుగు రెట్లు. ఆస్కార్‌కి ఈ లెక్క వేస్తే, 14 అంగుళాలకి 21 అంగుళాల వెడల్పు వస్తుంది, అంటే 2 అడుగులకి తగ్గకూడదు. మీకు చెప్పిన 4×1.5×1.5 అక్కడే తప్పిపోయింది.

డల్లాస్‌వాసి (అమెరికా)

నీటిగూడు గారి మాటకి ఒకటి కలుపుతాను. ఇక్కడి వీడియోలు, వ్యాసాలు చూసి చాలామంది "ఆస్కార్‌కి 75 గ్యాలన్లు" అని పట్టుకుంటారు. ఇక్కడ ఆ పేరుతో వచ్చే రెడీమేడ్ ట్యాంకు 48×18×21 అంగుళాలు, సుమారు 284 లీటర్లు. 125 గ్యాలన్లది 72×18×21. ఆరడుగుల పొడవున్నా వెడల్పు 18 అంగుళాలే! ఫ్యాక్టరీ కొలతలు అలా వస్తాయి, వాటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. మీకు అక్కడ గాజు కోయించి చేయించుకునే వీలుంది. అదే లీటర్లలో పొడవు కొంచెం తగ్గించి వెడల్పు పెంచుకోవచ్చు. నాకిక్కడ అలా చేయించుకోవాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఆ అవకాశం వదులుకోకండి.

ఇంకో మాట. "అంగుళం చేపకి ఒక గ్యాలన్" అనే సూత్రం వేళ్లంత చేపలకి పర్వాలేదు. పెద్ద చేపలకి అస్సలు పనికిరాదు. చేప పొడవు రెట్టింపైతే ఒళ్లు ఎనిమిది రెట్ల దాకా పెరుగుతుంది. అది తినేదీ, విసర్జించేదీ దాని ప్రకారమే. ఒక అంగుళం టెట్రా చేపలు పన్నెండు పెట్టడం, పన్నెండు అంగుళాల ఆస్కార్ ఒకటి పెట్టడం ఒకటి కానే కాదు.

మూడోఅంతస్తు

చాలా థాంక్స్. షార్క్ ఫొటో పెట్టాను. రెండు చిన్న మీసాలున్నాయి. ఎప్పుడూ అద్దం వెంట అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. లైట్ వేసినా, పిల్లలు పరిగెత్తినా ఉలిక్కిపడి అద్దాన్ని గుద్దుకుంటుంది. ముక్కు దగ్గర తెల్లగా గీసుకుపోయింది.

గోదారిగట్టు (భీమవరం)

అన్నా, అది షార్క్ కాదు, పంగస్. మా వైపు చెరువుల్లో పెంచి లారీల్లో పంపే చేపే. మీ వీధి చివర చేపల మార్కెట్లో తెల్లటి ముక్కలుగా కనిపించేది ఇదే. దీని సొంత ఊరు మెకాంగ్ నది. అక్కడ మీటరు దాటి పెరుగుతుంది, నలభై కిలోల పైన తూగినవి ఉన్నాయి. చెరువులో మేము కిలో, కిలోన్నర రాగానే పట్టేస్తాం కాబట్టి జనానికి దాని అసలు సైజు తెలీదు.

దీనికి ఇంట్లో పెట్టే ట్యాంకు అంటూ లేదు. నీటిగూడు గారి లెక్క వేసి చూడండి, నాలుగడుగుల చేపకి ఆరడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవు. హాల్లో ఎక్కడ పెడతారు? పైగా ఇది గుంపుగా తిరిగే చేప, ఒంటరిగా ఉంటే భయం. మీరు చెప్పిన ఉలికిపాటు, ముక్కు దెబ్బ రెండూ చోటు చాలక వచ్చినవే. మందు వేస్తే పుండు మానుతుంది, మర్నాడు మళ్లీ గుద్దుకుంటుంది.

ఇలాంటిదే ఇంకోటి, రూప్‌చంద్. మా చెరువుల్లో పెంచేదే. పిల్లగా ఉన్నప్పుడు పొట్ట ఎర్రగా ఉంటుంది కాబట్టి కొన్ని దుకాణాల్లో పిరానా అని చెప్పి అమ్ముతారు. అదీ రెండడుగులు దాటే చేపే. ఎవరైనా పిరానా ఇస్తామంటే ముందు పళ్లు చూడండి, రూప్‌చంద్‌వి మనిషి దవడ పళ్లలా మొద్దుగా ఉంటాయి.

సాయంత్రంగాలి (కరీంనగర్)

అయితే షార్క్‌నీ సక్కర్‌నీ దగ్గరలో ఉన్న చెరువులో వదిలేస్తే సరిపోతుంది కదా. వాటికీ స్వేచ్ఛ, మనకీ పుణ్యం.

గోదారిగట్టు

దయచేసి ఆ పని ఎవరూ చేయొద్దు. సక్కర్ ఫిష్ మన కాలువల్లోకి వచ్చింది ఇలాగే. ట్యాంకుల్లోంచి చెరువుల్లోకి, అక్కడినుంచి వరదలకి కాలువల్లోకి. దీని ఒళ్లంతా గట్టి పలకలు, రెక్కలకి ముళ్లు. వలలో పడితే వల చిరుగుతుంది, తినడానికి కొనేవాడు ఉండడు. చెరువు గట్టుల్లో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, గట్టు బలహీనమవుతుంది. గాలి మింగి బతకగలదు కాబట్టి నీళ్లు పాడైనా చావదు. మన చేపలు పట్టేవాళ్లు దీన్ని దెయ్యం చేప అని తిడుతున్నారంటే ఊరికే కాదు. 2023లో కశ్మీర్ దాల్ సరస్సులో ఎలిగేటర్ గార్ దొరికింది. అది అమెరికా చేప, అంత దూరం ఈదుకుంటూ రాలేదు కదా.

వల చిరిగిన రోజు ఆ ఇంట్లో కూలి పోయినట్టే. అది పుణ్యం ఎలా అవుతుంది తమ్ముడూ?

విశాఖతీరం (విశాఖపట్నం)

నాది కొంచెం వేరే అభిప్రాయం, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ప్రతివాళ్లకీ అయిదడుగులు, ఆరడుగులు అని చెప్తే కొత్తవాళ్లు భయపడి చేపల జోలికే రారు. నా ఆస్కార్ 3 అడుగుల ట్యాంకులోనే ఉంది. ఎనిమిది అంగుళాల దగ్గర ఆగిపోయింది, ఎంచక్కా తింటోంది, నన్ను చూస్తే దగ్గరికి వస్తుంది. నీళ్లు నేను తరచూ మారుస్తాను. చేప తొట్టికి తగ్గట్టే పెరుగుతుందని మా పెద్దవాళ్లు అనేవారు, నా అనుభవమూ అదే.

చేపలబడి (ముత్తుకూరు, నెల్లూరు జిల్లా)

విశాఖతీరం గారూ, మీరు నీళ్లు మార్చడంలో శ్రద్ధ పెడుతున్నారు, అది చాలా మంచి విషయం. కానీ "తొట్టికి తగ్గట్టు పెరుగుతుంది" అన్న మాట గురించి కొంచెం వివరంగా చెప్పాలి, నేను మత్స్యశాస్త్రం చదువుతున్నాను.

చేపలు మనలా ఒక వయసుకి ఎదుగుదల ఆపేసేవి కావు. తిండి, నీరు బాగుంటే నెమ్మదిగానైనా పెరుగుతూనే ఉంటాయి. ఆస్కార్ పిల్లలు మొదటి నెలల్లో నెలకి దాదాపు అంగుళం చొప్పున పెరుగుతాయి, ఏడాది తిరిగేసరికి పది అంగుళాలు అందుకోవడం మామూలే. ఎనిమిది దగ్గర ఆగిందంటే ఏదో అడ్డుపడుతోందని అర్థం. చిన్న ట్యాంకులో వ్యర్థాలు త్వరగా పేరుకుంటాయి, వాటినుంచి వచ్చే అమ్మోనియా కొంచెం కొంచెంగా ఉంటూనే ఉంటుంది, కదలిక తక్కువ, ఒత్తిడి ఎక్కువ. వీటన్నిటివల్ల ఎదుగుదల కుంటుపడుతుంది. కొన్నిటికి వెన్ను వంగుతుంది. ఆస్కార్లకైతే తల మీద చిన్న చిన్న గుంటలు పడతాయి, నీరు దిగజారిన ట్యాంకుల్లో ఆ జబ్బు ఎక్కువ కనిపిస్తుంది. మీ చేప తల మీద, కళ్ల చుట్టూ అలాంటివి ఉన్నాయేమో ఒకసారి టార్చి వేసి చూడండి.

మన దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. బోరు నీళ్లు చాలా చోట్ల పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 8 చుట్టూ ఉంటాయి. అమ్మోనియాలో నిజంగా విషమయ్యే భాగం పీహెచ్ ఒక అంకె పెరిగితే దాదాపు పది రెట్లు అవుతుంది, నీరు వేడెక్కినా పెరుగుతుంది. మే నెలలో నీటిలో ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పడుతుంది. పెద్ద చేప, చిన్న ట్యాంకు, ఎండాకాలం, కరెంటు కోత, ఈ నాలుగూ కలిస్తే ఒక్క రాత్రిలో చేప పోతుంది. నీళ్లు ఎక్కువ ఉంటే మనకి కొన్ని గంటల గడువు దొరుకుతుంది. పెద్ద ట్యాంకు అనేది చూపు కోసం కాదండీ, ఆ గడువు కోసం.

విశాఖతీరం

టార్చి వేసి చూశాను. కళ్ల పైన రెండు మూడు చుక్కల్లా ఉన్నాయి. దెబ్బలనుకున్నాను ఇన్నాళ్లూ. 4×2 గురించి ఇంట్లో మాట్లాడతాను. అయితే ఒకే ఒక్క ఆస్కార్‌కి అయిదడుగులు తప్పనిసరి అంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

నీటిగూడు

ఒక్కదానికి 4×2×2 సరిపోతుందండీ, నేనూ అదే అంటాను. 450 లీటర్లు పడతాయి. జతకి అయితే అయిదడుగులు. రెండిటిలో ఒకటి పెత్తనం చేస్తుంది, రెండోదానికి తప్పుకునే దూరం కావాలి.

లీటర్ల లెక్క ఎవరికైనా కావాలంటే పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి 28.3తో మళ్లీ గుణించండి. 4×1.5×1.5 అంటే 255 లీటర్లు. 5×2×2 అంటే 566. అడుగు పొడవు, అర అడుగు వెడల్పు, అర అడుగు ఎత్తు పెంచేసరికి రెట్టింపు దాటింది చూడండి.

కొత్తసరదా (కర్నూలు)

మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి. నా దగ్గర 4×1.5×2 ఉంది. ఆరు అంగుళాల సిల్వర్ అరోవానా చూసొచ్చాను, ఇంటికి కలిసొస్తుందని మా అత్తగారు తీసుకోమంటున్నారు. పెట్టొచ్చా?

నీటిగూడు

వద్దండీ. అది రెండున్నర, మూడడుగులు అవుతుంది, మొదటి ఏడాదిలోనే మీ ట్యాంకు ఇరుకైపోతుంది. కనీసం 8×3 అడుగుల నేల, ఎత్తు రెండున్నర, పైన బరువైన మూత కావాలి. అమెజాన్ అడవుల్లో నీటి పైకి వంగిన కొమ్మల మీది పురుగుల కోసం ఎగిరి పట్టే చేప అది. ఇంట్లో కూడా ఎగురుతుంది, మూత లేకపోతే తెల్లారి నేల మీద ఉంటుంది. ఆసియా అరోవానా అయితే చట్టం సంగతి కూడా ఉంది, అది సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలోది. మన వన్యప్రాణి రక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత అలాంటి జీవుల్ని ఇంట్లో పెట్టుకుంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

మీ నాలుగడుగుల్లో ఎలక్ట్రిక్ బ్లూ అకారాలు ఒక జత పెట్టండి, ఆరు అంగుళాలకి మించవు. ఆస్కార్ లాగే మనిషిని గుర్తుపడతాయి. అత్తగారికి కూడా నచ్చుతాయి.

మూడోఅంతస్తు

5×2×2 అని దాదాపు మనసులో ఖాయం చేసుకున్నాను. కానీ మా ఆవిడ ఒక ప్రశ్న వేసింది, నాకూ టెన్షన్ పట్టుకుంది. మూడో అంతస్తులో ఇంత బరువు పెట్టొచ్చా? కింద ఇంటివాళ్లు ఏమంటారు?

బీమ్‌కాలమ్ (హైదరాబాద్)

వృత్తిరీత్యా సివిల్ ఇంజనీర్‌ని. సరైన ప్రశ్న అడిగారు మేడమ్.

నీళ్లు 566 కిలోలు. 12 ఎంఎం గాజు అయితే ట్యాంకు ఒట్టిదే నూరు కిలోల పైన ఉంటుంది. స్టాండు, ఇసుక, రాళ్లు కలిపితే మొత్తం 750 కిలోల దగ్గరికి వస్తుంది. ఇదంతా పది చదరపు అడుగుల మీద కూర్చుంటుంది. భవనాల మీద పడే బరువులకి మన దేశ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం ఇళ్ల గదులకి లెక్కలో వేసే బరువు చదరపు మీటరుకి 200 కిలోలు. ట్యాంకు కింద మాత్రం చదరపు మీటరుకి 800 పడుతుంది. వినగానే గుండె ఆగుతుంది కానీ, స్లాబు ఆ ముక్క ఒక్కటే విడిగా మోయదు. గది మొత్తానికి కలిపి వేసిన లెక్క అది. 12×12 అడుగుల గదికి రెండున్నర టన్నుల పైనే లెక్క ఉంటుంది.

కాబట్టి ఎక్కడ పెడతారన్నదే అసలు విషయం. గోడ కింద బీము ఉండి, దగ్గర్లో పిల్లరు ఉంటే, బీము వెంట ట్యాంకు పెడితే బరువు ఎక్కువ భాగం దాని మీదికి పోతుంది. గది మధ్యలో వద్దు. బాల్కనీలో అసలే వద్దు, అది గాల్లోకి పొడుచుకొచ్చిన స్లాబు. నాలుగున్నర అంగుళాల పార్టిషన్ గోడ పక్కన పెట్టి గోడ ఉంది కదా అనుకోవద్దు, ఆ గోడ ఏమీ మోయదు. స్టాండుకి నాలుగు సన్న కాళ్లు కాకుండా కింద పొడవునా చట్రం ఉండేలా చేయించండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగ్ ఉంటుంది, అడగండి. పాత భవనమైనా, స్లాబులో పగుళ్లు, చెమ్మ ఉన్నా దగ్గరలోని ఇంజనీర్‌ని పిలిచి చూపించకుండా మాత్రం ముందుకు వెళ్లొద్దు. ఇక్కడ నేను రాసింది చూసి పెట్టేసే వ్యవహారం కాదిది.

మూడోఅంతస్తు

డ్రాయింగ్ దొరికింది. ఆ గోడ కింద బీము ఉంది, ఒక చివర పిల్లరు. మా భవనం కట్టిన ఇంజనీర్ గారే వచ్చి చూసి సరే అన్నారు, స్టాండు పూర్తి చట్రంతో ఉండాలని ఆయనా చెప్పారు. ఇప్పుడు ఎత్తు సంగతి. గాజు పనివాడు రెండున్నర అడుగులు పెడితే అందంగా ఉంటుంది అంటున్నాడు.

నీటిగూడు

రెండే ఉంచండి. నీటి ఒత్తిడి ఎత్తుని బట్టి పెరుగుతుంది. పొడవు పెంచితే గాజుకి పెద్దగా భారం కాదు, ఎత్తు పెంచితేనే మందం పెంచాల్సి వస్తుంది. ఆస్కార్‌కి ఎత్తుతో పనిలేదు, ఈదేది అడ్డంగా. పైగా రెండున్నర అడుగుల లోతులో అడుగు శుభ్రం చేయాలంటే భుజం దాకా చెయ్యి ముంచాలి. రెండడుగుల ఎత్తుకి 12 ఎంఎం, పైన చుట్టూ పట్టీలు, మధ్యలో ఒక అడ్డపట్టీ. కింద థర్మాకోల్ షీటు తప్పనిసరి.

ఫిల్టరు గురించి ఎవరూ అడగలేదు, నేనే చెప్తాను. ట్యాంకులోని నీరు గంటకి అయిదారుసార్లు ఫిల్టర్ గుండా తిరగాలి, అంటే మీకు గంటకి మూడు వేల లీటర్లు. కింద సంప్ (ఫిల్టరు సామాను, పంపు ఉండే రెండో తొట్టి) పెట్టుకోండి. ఆస్కార్లు చిందరవందరగా తింటాయి, లోపల వేలాడే చిన్న పవర్ ఫిల్టర్లు వాటికి ఆనవు.

ఇంకుడుగుంత (హైదరాబాద్)

నీళ్ల సంగతి కూడా ఆలోచించండి అన్నా. వారానికి మూడో వంతు మార్చాలంటే మీకు సుమారు 190 లీటర్లు. మార్చి దాటాక మా వైపు బోర్లు ఎండి ట్యాంకర్ల మీద బతుకుతాం, ఆ రోజుల్లో అపార్ట్‌మెంట్లో ఇది గొడవే అవుతుంది. నేను తీసిన నీళ్లు పారబోయను, మేడ మీది కుండీలకీ కింద చెట్లకీ పైపు పెట్టేశాను. మొక్కలకి మంచి ఎరువు, అసోసియేషన్ వాళ్లు కూడా ఏమీ అనరు. మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ పోయే మందు వేయకుండా పోయొద్దు. ట్యాంకర్ నీళ్లు ఒక్కోసారి ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఆ వారం ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా మార్చండి.

తామరకొలను (శామీర్‌పేట)

పంగస్ గురించి. మా తోటలో 40×25 అడుగుల సిమెంటు కొలను ఉంది, అయిదడుగుల లోతు. కోయి చేపలు, పంగస్‌లు నాలుగు ఉన్నాయి. వాన నీరు పొంగి బయటికి పోకుండా చుట్టూ కట్ట ఎత్తించాను, బయటి కాలువతో సంబంధం లేదు. మీ చేపని నేను తీసుకుంటాను, సక్కర్‌ని కూడా. వండుకోవడానికి కాదు, మాట ఇస్తున్నాను. పిల్లల్ని తీసుకుని ఆదివారాలు రండి, మేత వాళ్లే వేయొచ్చు.

మూడోఅంతస్తు

మేడమ్, మీకు ఎలా చెప్పాలో తెలీడం లేదు. పిల్లలతో కూర్చుని మాట్లాడాను. పెద్దవాడు పంగస్ సైజు విని వాడే అన్నాడు, మన హాల్లో అది తిరగలేదు నాన్నా అని. చిన్నది మాత్రం ఆ చేపల పేర్లు మార్చకూడదని షరతు పెట్టింది.

5×2×2కి అడ్వాన్స్ ఇచ్చేశాను, 12 ఎంఎం, సంప్‌తో. రెండు ఆస్కార్లే ఉంటాయి. ఇక చేపలు తెచ్చే రోజు ఏం చేయాలో చెప్పండి.

చేపలబడి

మీ బావగారి పాత ఫిల్టర్‌లోని స్పాంజి, సిరామిక్ రింగులు కొళాయి కింద కడగకండి. అమ్మోనియాని మార్చే బ్యాక్టీరియా అంతా వాటిలోనే ఉంది. ఆ ట్యాంకు నీళ్లలోనే తడిగా ఉంచి తెచ్చి, అదే రోజు మీ సంప్‌లో పెట్టి పంపు ఆన్ చేయండి. కొత్త ట్యాంకు సొంతంగా సిద్ధం కావాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఈ పాత స్పాంజి ఉంటే ఆ ఎదురుచూపు చాలావరకు తప్పుతుంది. మొదటి రెండు వారాలు మేత సగానికి తగ్గించండి, అమ్మోనియా కిట్ కొని రోజూ చూడండి. చేపల్ని తెచ్చే ముందు రోజు మేత వేయొద్దు. ఒక్కోదాన్ని వేరే బకెట్‌లో మూత పెట్టి తీసుకురండి.

నీటిగూడు

ఇంకొక్కటి, ఇది ఇవాళే చేయాలి. సంప్‌కి నీరు దిగే రంధ్రం ఎక్కడ రావాలో గాజు పనివాడికి అతికించకముందే గీసి ఇవ్వండి. రంధ్రం పడే పలక టఫెన్డ్ గాజు కాకూడదు, అది ఒకసారి టఫెన్ చేశాక డ్రిల్ పెడితే మొత్తం పొడి అయిపోతుంది. మామూలు గాజే అడగండి.

మూడోఅంతస్తు

ఇప్పుడే ఫోన్ చేశాను. వెనక పలక టఫెన్డ్ అని రాసుకున్నాడట. మార్పించాను.